నీళ్ళు పోసే కాశింబీ

ఆమె అసలు పేరు కాశింబీ కాదు. అసలు పేరు చెప్పను, ఊరి పేరూ చెప్పను. కలిదిండి పక్కన చేపల చెరువుల మధ్య ఒక ఊరు, అంతే. మీ సంగతి రాసుకోవచ్చా అని అడిగితే, పేరు మార్చి రాసుకోండమ్మా అని ఆమే ఒప్పుకుంది. ఒకరి సంగతి మరొకరికి చెప్పేముందు అడగాలని నాకు తెలిసొచ్చింది ఆమె వల్లే. తెలిసొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

నా పేరు రూతమ్మ. ఏలూరు పవర్‌పేటలో ఒక మందుల షాపు పైన ఉన్న కౌన్సెలింగ్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర కూర్చునేది నేనే. ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళ ఫారాలు నింపడం, టైమైపోతే తలుపు తట్టడం నా పని. ఏడేళ్ళుగా చేస్తున్నాను. మెట్లెక్కి వస్తున్న మనిషి మొహం చూసి ఏం బాధో చెప్పేయగలనని నాకో పొగరు ఉండేది. నా తెలివి తగలెయ్య.

మా మేడం హిమజగారు సైకాలజిస్టు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసే ఇంటి పిల్ల. రోజూ పొద్దున్నే రైలెక్కి ఏలూరు వస్తారు. ముప్ఫై నాలుగేళ్ళు. ఒక్కనాడు ఎవరినీ విసుక్కోగా నేను చూడలేదు. ఏడ్చేవాళ్ళ ముందు వాచీ చూసుకోరు. మంచి మనిషి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగింది వింటే మీకు ఆవిడ మీద కోపం వస్తుంది. కోపం రావాల్సింది ముందు నా మీద.

రెండేళ్ళ క్రితం జూలైలో కాశింబీ మొదటిసారి వచ్చింది. నలభై ఆరేళ్ళుంటాయి. చీరకొంగు తలమీదుగా కప్పుకుని, భర్త మౌలాలి వెనకే నడుచుకుంటూ వచ్చింది. మౌలాలి చేపల చెరువు దగ్గర కాపలా పని చేస్తాడు. ఆమె కుర్చీలో కూర్చుని చేతులు కొంగులో దాచుకుంది. ఫారం మీద వేలిముద్ర వేయమన్నప్పుడు బయటికి తీస్తే చూశాను. వేళ్ళ సందులు పగిలి, మోచేతుల దాకా తోలు తెల్లగా ఉబ్బి, అక్కడక్కడా నెత్తుటి చారలు కట్టి ఉన్నాయి. పాదాలూ అంతే.

అప్పటికి హాల్లో ఆరుగురు ఉన్నారు. అందరి ముందే ఫారం నింపడం మా అలవాటు. పేరు, వయసు, పిల్లలెంతమంది. ఒక కొడుకు భీమవరంలో ఏసీ మెకానిక్కు, ఒక కూతురు కరోనాలో పోయింది. ఏం పని చేస్తారని అడిగాను. ఆమె ఓసారి హాలంతా చూసి, గొంతు తగ్గించి, నీళ్ళు పోస్తానండీ అంది.

మా వైపు నీళ్ళు పోయడమంటే ఎవరినడిగినా ఒకటే చెబుతారు. బాలింతలకీ పసిబిడ్డలకీ స్నానం చేయించే మనిషి ప్రతి పేటలోనూ ఉంటుంది. కాళ్ళు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని, ఒళ్ళంతా రుద్ది, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి ఇస్తుంది. నా ముగ్గురు పిల్లలకీ అలాగే పోశారు. నేను రెండో మాట అడగలేదు. "పసిపిల్లలకు, బాలింతలకు స్నానాలు" అని గుండ్రటి అక్షరాలతో రాసి కాగితం లోపలికి పంపాను. ఆమెకు చదువు రాదు. నేనేం రాశానో ఆమెకు తెలియదు.

మేడం గదికీ నా కౌంటర్‌కీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. లోపల దగ్గినా ఇవతలికి వినపడుతుంది. వినకూడదు, తెలుసు. విన్నాను. విన్నాను కాబట్టే ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. సిగ్గుగానూ ఉంది.

నమాజుకి ముందు వాళ్ళు వజూ చేసుకుంటారు. చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకుని, పాదాలు కడుక్కుంటారు. అయిదు నిమిషాల పని. కాశింబీకి గంట పట్టేది. పాదాల దాకా వచ్చాక మోచెయ్యి తడిసిందో లేదో అనిపించేది. మళ్ళీ మొదటినుంచి. ఈసారి ముక్కు దగ్గర అనుమానం. మళ్ళీ మొదటినుంచి. రోజుకు అయిదు పూటలు. డ్రమ్ములో నీళ్ళన్నీ అయిపోతున్నాయని మౌలాలి కేకలేసేవాడు, పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు. కూతురు పోయినప్పటినుంచీ ఇంతేనండీ అని ఆమె లోపల చెబుతుంటే నాకు వినపడింది. మేడం ఆ కూతురి గురించి అడిగారు, ఎంత వయసు, ఎన్నాళ్ళయింది, మీకు నిద్ర పడుతోందా, అన్నం తింటున్నారా అని. ఆ పిల్లను ఎలా సాగనంపారని మాత్రం అడగలేదు. అడగాలని ఎవరికి మాత్రం తోస్తుంది.

మేడం వాళ్ళ నాయనమ్మ వెంకటనరసమ్మగారు మడి మనిషి. ఆ సంగతి మేడమే ఎన్నోసార్లు టీ తాగుతూ నాతో చెప్పారు. బడి నుంచి వచ్చి ముట్టుకుంటే పిల్లను తోసేసేదట. తడిబట్ట ఆరిందని, కాకి వాలిందని రోజుకు నాలుగుసార్లు తలమీద నీళ్ళు గుమ్మరించుకునేదట. చివరికి న్యుమోనియా వచ్చి పోయిందట. వజూ అనగానే మేడంకి ఆ మడే కనిపించింది. రెండూ ఒకటే అనేసుకున్నారు. కాశింబీని చూస్తూ నాయనమ్మకి వైద్యం చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఈ మాట అంటున్నాను గానీ అప్పుడు నాకూ అదే నిజమనిపించింది.

ముందు ఒక్కసారే కడుక్కోమన్నారు. కుదరలేదు. మూడోసారి వచ్చినప్పుడు చేతుల్లోంచి చీము కారుతోంది. అప్పుడు మేడం అన్న మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"కాశింబీగారూ, ఇది భక్తి కాదండీ. ఇది జబ్బు. నమాజు పేరు చెప్పి జబ్బు మిమ్మల్ని ఆడిస్తోంది. ఒక మండలం రోజులు, అంటే నలభై రోజులు, నమాజు ఆపేయండి. వజూ కూడా వద్దు. చేతులు మానాక చూద్దాం."

 కాశింబీ గొంతు వినపడింది.

"అలాగేనండీ."

మా గోదావరి వైపు ఈ మాటకి ఎన్ని అర్థాలో నన్నడగండి. ఇష్టం లేకపోయినా అలాగేనండీ అంటాం, అర్థం కాకపోయినా అంటాం, ఎదురు చెబితే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారనీ అంటాం. రోజుకు ఇరవైసార్లు ఫోన్లో నేనే అంటుంటాను. ఆ గొంతులో ఒప్పుకోలు లేదని నాకు గోడ ఇవతలినుంచే తెలిసింది. మేడం ఆ మాటని సంతకంలా తీసుకున్నారు. లోపలికి వెళ్ళి, మేడం, ఇంకోసారి అడగండి అనాల్సింది. మనకెందుకులే అని నోరు మూసుకుని కూర్చున్నాను.

మేడం అక్కడితో ఆగలేదు. ఫారంలో నేను రాసింది చూసి, మీరు చేసే పని ఎంత మంచిదండీ, ఇప్పుడూ వెళ్తున్నారా అని అడిగారు. అమ్మాయి పోయాక చెయ్యలేకపోయానండీ అంది ఆమె. మనసు కుంగిపోయినవాళ్ళకి ఇష్టమైన పని మళ్ళీ అప్పగించడం మేడం పద్ధతుల్లో ఒకటి. వారానికి ఒక్కరికైనా వెళ్ళి నీళ్ళు పోయండి, ఆ చంటిమొహాలు చూస్తే మీ మనసే తేలికపడుతుంది అందామనుకుని, బిడ్డను పోగొట్టుకున్న మనిషి కదా అని చంటిమొహాలన్న మాట అనలేదు. ఊరికే, నీళ్ళు పోయండి, మనసు తేలికపడుతుంది అన్నారు. ఆ ఒక్క మాట అని ఉంటే అక్కడే అంతా బయటపడేది. ఇది తర్వాత మేడమే నాకు చెప్పారు, చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు.

దానికీ కాశింబీ అలాగేనండీ అంది. డాక్టరుగారు చెప్పారంటే చెయ్యాలనుకునే మనిషి. వెళ్ళి చేసింది.

నెల దాటాక మళ్ళీ వచ్చింది. ఈసారి చేతులు కొంగులో దాచుకోలేదు. చర్మం మానిపోయింది, లేత గులాబీ రంగులోకి వచ్చింది. మౌలాలి నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. నేనూ సంబరపడ్డాను. లోపల మేడం గొంతులోనూ సంతోషం తెలిసిపోతోంది. నమాజు ఆపారా అంటే ఆపానండీ అంది. నీళ్ళు పోయడానికి వెళ్ళారా అంటే, ఒక్కరికి పోశానండీ అంది.

"బాబా, పాపా?" అని మేడం అడిగారు.

"పాపేనండీ. పద్దెనిమిదేళ్ళు. పాము కరిచింది."

లోపల పెన్ను కిందపడింది.  కాశింబీయే నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. ఆ రోజు గంటన్నర కూర్చుంది. నేను తలుపు తట్టలేదు.

కాశింబీ పుట్టింది ముదినేపల్లి దగ్గర దూదేకులవాళ్ళ ఇంట్లో. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పదిహేడో ఏట మౌలాలికి ఇచ్చి చేశారు. అత్తగారు హుసేనమ్మకి చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఒక పేరుండేది. వాళ్ళలో ఆడమనిషి పోతే గుసుల్ చేయించేది ఆవిడే. గుసుల్ అంటే పూడ్చిపెట్టేముందు చేయించే చివరి స్నానం. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేయించాలి. ఆ మాట నలుగురి ముందర అనడం బాగోదని ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా నీళ్ళు పోయడం అనేవారు. హాల్లో ఆరుగురి ముందు కాశింబీ నాకు చెప్పింది ఆ మాటే.

హుసేనమ్మకి మోకాళ్ళు పడిపోయాక ఆ పని కోడలు అందుకుంది. రేగాకులు వేసి కాచిన గోరువెచ్చని నీళ్ళు. పైన దుప్పటి కప్పి, దాని కిందే చేతులు పోనిచ్చి, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. మూడుసార్లు. చాలకపోతే అయిదుసార్లు. చివరి నీళ్ళలో కర్పూరం. జుట్టు దువ్వి మూడు పాయలు అల్లాలి. బతికున్న మనిషికి ఎంత మెల్లగా పోస్తారో అంత మెల్లగా పోయాలి, నొప్పెడుతుందనుకోవాలి అని అత్తగారు నేర్పిందట. ఇంకొకటి కూడా నేర్పింది. ఆ ఒంటిమీద ఏం కనిపించినా, వాతలున్నా, దెబ్బలున్నా, ఏ లోపమున్నా, బయటికొచ్చి ఎవరికీ చెప్పకూడదు. కాశింబీ ఇరవై ఏళ్ళలో నూటికి పైగా ఆడవాళ్ళకి నీళ్ళు పోసింది. ఒక్కరి సంగతీ ఆమె నోట్లోంచి రాలేదు. మా ప్లైవుడ్ గోడ ఇవతల కూర్చుని నేను ఈ మాట విన్నాను.

కూతురు కరీమున్ డిగ్రీ చదువుతుండగా కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఏలూరులో ఒక ఆసుపత్రిలో పోయింది. అప్పట్లో ఏ కులంవాళ్ళకైనా, ఏ మతంవాళ్ళకైనా జరిగిందే వాళ్ళకీ జరిగింది. పిల్లను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జిప్పు వేసి ఇచ్చారు. విప్పకూడదన్నారు. తెల్ల సూట్లు వేసుకున్న మగవాళ్ళు నలుగురు దించి మట్టి కప్పేశారు. తల్లి రోడ్డు మీద నిలబడి చూసింది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నీళ్ళు పోసిన చేతులు సొంత బిడ్డకి చెంబెడు నీళ్ళు పోయలేకపోయాయి. ఆ రోజు సాయంత్రం నమాజుకి వజూ చేసుకుంటుంటే, ఎంత కడిగినా పూర్తయినట్టు అనిపించలేదట. అప్పుడు మొదలైంది. అప్పటినుంచే నీళ్ళు పోయడానికి ఎవరు పిలిచినా వెళ్ళడం మానేసింది.

అలాంటి మనిషిని మేము ఆ పనికే పంపాం. పాము కరిచిన పిల్లకి నీళ్ళు పోసి, జడ మూడు పాయలు అల్లి బయటికొస్తే, మిగతా ఆడవాళ్ళందరూ ఆ పిల్ల కోసం దువా చేస్తున్నారట. దువా అంటే చేతులెత్తి వేడుకోవడం. కాశింబీ పక్కన నిలబడి చేతులు కిందికే పెట్టుకుంది. మేడం ఆపమన్న నలభై రోజులూ ఇంకా పూర్తి కాలేదని. నమాజు ఆపమన్నారు కాబట్టి ఇదీ ఆపాలేమో అనుకుందట, అడగడానికి మొహమాటపడిందట.

ఆమె వెళ్ళిపోయాక మేడం ఫారం పట్టుకుని బయటికొచ్చారు. ఆ గుండ్రటి అక్షరాలు నావేనని ఇద్దరికీ తెలుసు. నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మీరు పొరపాటున రాశారు రూతమ్మగారూ, నేను చదివి ఊరుకున్నాను, అడగాల్సింది నేను కదా అన్నారు. నాకు తల ఎత్తుకోవడానికి మొహం చెల్లలేదు. ఆ వారమే ఓనరుతో పోట్లాడి ప్లైవుడ్ తీయించి ఇటుకగోడ కట్టించాను. ఫారాలు లోపలి గదిలో నింపుతున్నాం. వాటివల్ల కాశింబీకి ఒరిగింది ఏమీ లేదు.

తర్వాత ఆమె రాలేదు. మేడం ఫోన్ చేస్తే మౌలాలి ఎత్తి, చేతులు బంగారంలా ఉన్నాయండీ, నీళ్ళు కూడా వృథా చెయ్యట్లేదు, మీ మేలు మరిచిపోమండీ అన్నాడు. ఆ మాటకి మేడం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పిలవకుండా వాళ్ళింటికి వెళ్ళడం తప్పు, వెళ్ళకపోవడమూ తప్పులా ఉంది అని నాతో అన్నారు. చివరికి కాశింబీతోనే ఫోన్లో మాట్లాడి, నేను క్షమాపణ చెప్పుకోవాలి, మీకిష్టమైతేనే వస్తాను, వద్దంటే రాను అన్నారు. రండి, రూతమ్మగారిని కూడా తీసుకురండి అంది ఆమె.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. కైకలూరులో బస్సు మారి, ఆటో ఎక్కి, చెరువు గట్టు మీద దిగాం. ఎటు చూసినా నీళ్ళే. చేపల మేత వాసన, మబ్బు పట్టిన ఆకాశం. రేకుల ఇంటి ముందు కాశింబీ కుర్చీలు వేసి ఉంచింది. మౌలాలి చెరువు మీదికి వెళ్ళాడు. మాకు టీ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది. నా పొరపాటుకి ఆమె నన్ను చీవాట్లు పెట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నేను ఫారంలో తప్పు రాశానని చెప్పి ఆమె చేతులు పట్టుకున్నాను. నిజంగానే బాగా మానిపోయాయి. ఆమె నవ్వి, పోన్లెండమ్మా, మీకెలా తెలుస్తుంది అంది. మేడం కుర్చీలో ముందుకు జరిగి, దాచుకోకుండా మొత్తం చెప్పారు. మీ నమాజు గురించి నాకేమీ తెలియదు, తెలుసుకోకుండా ఆపమన్నాను, మా నాయనమ్మ మడి చూసి మీదీ అదే అనుకున్నాను, అది నా తప్పు అన్నారు. విజయవాడలో నాలాగే కౌన్సెలింగ్ చేసే ఒకావిడ ఉన్నారు, మీ మతం ఆవిడే, ఈ సంగతులు తెలిసినావిడ, మీరు సరేనంటే ఆవిడతో మాట్లాడిస్తాను అన్నారు. మీ మసీదు పెద్దాయన్ని మీరే ఒకసారి అడిగి చూడండి, ఆయన మాట నాకంటే మీకు ఎక్కువ పనికొస్తుంది అని కూడా అన్నారు.

కాశింబీ గ్లాసులు ఒకచోట సర్దుతూ వింది. ఆయన్ని అప్పుడే అడిగానండీ అంది. కరీమున్‌ని పూడ్చిన రోజే అడిగిందట. నీళ్ళు పోసే వీలు లేనప్పుడు అల్లా ఆ లోపం పట్టుకోడు తల్లీ, నువ్వు ఆ బిడ్డ కోసం అడుగుతూ ఉండు, అదే నువ్వు పోసే నీళ్ళు అని ఆయన చెప్పారట. ఆ మాట పట్టుకునే రెండేళ్ళు బతికింది. వజూకి గంట పట్టినా, చేతులు పగిలినా, రోజుకు అయిదు పూటలా నిలబడి బిడ్డ కోసం అడిగేది. మేము ఆపించింది దాన్ని.

ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టారా అని మేడం అడిగారు. 

"మొదలుపెట్టానండీ. నలభై రోజులంటే మాలో చచ్చిపోయినవాళ్ళకి చేసేదండీ. అది అవగానే మొదలుపెట్టాను. వజూ ఒక్కసారే చేసుకుంటున్నాను, అనుమానం రావట్లేదు. మీరు బాగానే నయం చేశారు. కానండీ, నమాజుకి నిలబడితే మీ మాట వినపడుతోంది. ఇది భక్తి కాదు, జబ్బు అన్నారు కదండీ. మా అమ్మాయి కోసం అడుగుదామని చెయ్యి ఎత్తగానే, ఇది నేను అడుగుతున్నానా, జబ్బు అడిగిస్తోందా అనిపిస్తోందండీ. చెయ్యి దించేస్తున్నాను."

మేడం తల దించుకుని ఏడుస్తున్నారు. కాశింబీకి అది చూసి కంగారు పుట్టింది. లేచి వచ్చి, ఏడవకండమ్మా అని ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. కాసేపయ్యాక, మామూలుగా, మందుల షాపులో అడిగినట్టు అడిగింది.

"దానికేమన్నా మందు ఉందాండీ?"